‘లేదు’ అని చెప్పే సప్లయర్ కావాలి

డ్రాప్ షిప్పింగ్‌ని పెట్టుబడి లేని వ్యాపారం అంటుంటారు. రీల్ తెరిస్తే చాలు, ఓ కుర్రాడు కారుకి ఆనుకుని నిలబడి ‘సరుకు కొనక్కర్లేదు, గోడౌన్ అక్కర్లేదు, ఫోన్ ఉంటే చాలు’ అని చెప్తుంటాడు. పద్ధతి నిజంగానే అంత సులువు. మన పేజీలో ఫొటో పెడతాం. ఆర్డర్ వస్తే సప్లయర్‌కి పంపిస్తాం. వాళ్లు ప్యాక్ చేసి నేరుగా కస్టమర్ ఇంటికి పంపేస్తారు. మధ్యలో మిగిలింది మనది. సరుకు మన చేతికి రాదు, కంటికి కూడా కనపడదు.

చిక్కంతా అక్కడే ఉంది. సూరత్‌లోనో జైపూర్‌లోనో ఆ చీర మడతపెట్టి కవర్లో పెట్టిన మనిషెవరో కస్టమర్‌కి తెలీదు. వాళ్లకి తెలిసింది మన పేరు. రంగు పోయినా, చిరుగు ఉన్నా, అసలు పార్సిలే రాకపోయినా ఫోన్ మోగేది మనకే. అంటే పెట్టుబడి లేకపోవడం కాదు, మన పేరే పెట్టుబడి. దాన్ని తీసుకెళ్లి మనం ముఖం కూడా చూడని మనిషి చేతిలో పెడుతున్నాం.

నేను తెనాలి నుంచి కాటన్ చీరలు, డ్రెస్ మెటీరియల్ అమ్మే చిన్న ఆన్‌లైన్ షాపు నడుపుతున్నాను. నా కస్టమర్లలో చాలామంది అమ్మకో, పిన్నికో తెలిసినవాళ్లే. తేడా వస్తే ఒక్క స్టార్ ఇచ్చి ఊరుకునే రకం కాదు. ఏ పెళ్లిలోనో పంక్తిలో కూర్చున్నప్పుడు ఆ చీర సంగతి ఎత్తుతారు. అందుకే మొదటి ఆర్డర్ తీసుకునే ముందు రెండు నెలలు సప్లయర్లను వెతకడానికే పెట్టాను. ‘ఇంకా షాపు తెరవలేదా?’ అని అందరూ అడుగుతూనే ఉన్నారు.

వెతకడం మొదలుపెట్టగానే ఎదురయ్యేవి ‘సప్లయర్ లిస్టులు’. డబ్బులకి అమ్ముతుంటారు. ఒక స్నేహితురాలి దగ్గరున్న అలాంటి పీడీఎఫ్ నాకూ పంపింది. అందులో ఉన్న నంబర్లకి వరసగా ఫోన్లు చేశాను. ‘మీది సొంత తయారీనా?’ అంటే అందరూ ‘అవును మేడమ్, డైరెక్ట్ ఫ్యాక్టరీ’ అనేవాళ్లే. కాసేపు మాట్లాడితే తెలిసేది, వాళ్లూ నాలాగే ఇంకొకరి ఫొటోలు ఫార్వర్డ్ చేసేవాళ్లని. రీసెల్లర్‌కి రీసెల్లర్, వాళ్లకి ఇంకో రీసెల్లర్. ఒక్కో మెట్టు దగ్గర ఇరవై, ముప్ఫై రూపాయలు పెరుగుతాయి. సమస్య వస్తే మాత్రం ఒక్కో మెట్టు దగ్గర రెండేసి రోజుల ఆలస్యం. ‘పైన అడిగి చెప్తాను’ అన్న మాట మూడుసార్లు విన్నానంటే ఆ నంబర్ కొట్టేసేదాన్ని.

ఫొటోల విషయం ఇంకా తమాషా. ఒకే చీర, ఒకే మోడల్ పది గ్రూపుల్లో పది రేట్లకి కనపడుతుంది. గూగుల్ లెన్స్‌లో వేసి చూస్తే ఆ ఫొటో ఎక్కడెక్కడ తిరిగిందో తెలిసిపోతుంది. అందుకే నేను ఫొటో అడగడం మానేసి వీడియో అడగడం మొదలుపెట్టాను. ఊరికే వీడియో కాదు. ఆ చీర మీద ఓ కాగితం పెట్టాలి, దానిమీద ఆ రోజు తేదీ, నా షాపు పేరు చేత్తో రాసి ఉండాలి. సరుకు దగ్గరున్నవాళ్లకి అది రెండు నిమిషాల పని. లేనివాళ్లు ‘నమ్మకం లేదా మేడమ్?’ అని నొచ్చుకుంటారు. ఈ ఒక్క ప్రశ్నతోనే జాబితా సగానికి పైగా తగ్గిపోయింది.

మిగిలినవాళ్ల జీఎస్టీ నంబర్ అడిగాను. ఇది మన ఫోన్లోనే, పైసా ఖర్చు లేకుండా చూసుకోవచ్చు. ఆ నంబర్‌లో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. మొదటి రెండు అంకెలు రాష్ట్రం కోడ్. గుజరాత్‌కి 24, తెలంగాణకి 36, ఆంధ్రప్రదేశ్‌కి 37. తర్వాతి పది వాళ్ల పాన్ నంబర్. జీఎస్టీ పోర్టల్‌లో ‘సెర్చ్ ట్యాక్స్‌పేయర్’ దగ్గర ఈ నంబర్ కొడితే అసలు పేరు, వ్యాపారం పేరు, రిజిస్ట్రేషన్ తేదీ, అది ఇప్పుడు నడుస్తోందా రద్దయిందా, రిటర్నులు వేస్తున్నారా లేదా అన్నీ కనపడతాయి.

చూడాల్సింది ఇంకోటుంది. డబ్బు పంపమన్న ఖాతా పేరు, పోర్టల్‌లో ఉన్న పేరు ఒకటేనా? ‘మాది పదిహేనేళ్ల సంస్థ’ అని ఒకాయన గట్టిగా చెప్పాడు. రిజిస్ట్రేషన్ చూస్తే నాలుగు నెలల కిందటిది. యూపీఐలో వచ్చిన పేరు మరెవరిదో. పదిహేనేళ్లుగా వేరే పేరుతో చేస్తున్నాడేమో, నిజమే కావచ్చు. కానీ తేల్చుకునే దారి నాకు లేనప్పుడు అక్కడ డబ్బు పెట్టలేను. ఒకవేళ ఎవరైనా డబ్బు కట్టాక మోసం అని తెలిస్తే ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి. సైబర్ మోసాలకు ఉన్న జాతీయ హెల్ప్‌లైన్ అది. ఎంత తొందరగా చెప్తే ఆ డబ్బు ఆపడానికి అంత అవకాశం ఉంటుంది.

కాగితాలు బాగున్నంత మాత్రాన సరుకు బాగుంటుందని కాదు. అందుకే శాంపిల్. నేను కాబోయే వ్యాపారినని చెప్పి తెప్పించుకుంటే మంచి పీసు ఏరి పంపుతారు. అందుకే గుంటూరులో ఉన్న మా పిన్ని పేరుతో, మామూలు కస్టమర్‌లాగా ఆర్డర్ పెట్టాను. వచ్చాక టేపు పెట్టి కొలిచాం. బ్లౌజుతో కలిపి 6.3 మీటర్లు అని రాసిన చీర ఒకటి ఆరు కూడా లేదు. అంచు దగ్గర ఒక పోగు లాగి కాల్చి చూశాం. కాటన్ అయితే కాగితం కాలిన వాసన వస్తుంది, బూడిద మెత్తగా రాలిపోతుంది. పాలిస్టర్ కలిస్తే కరిగి, చల్లారాక చిన్న పూసలా గట్టిపడుతుంది. ‘ప్యూర్ కాటన్’ అన్న ఒక చీర పోగు పూస కట్టింది. ఇంకో చీరని బకెట్లో నానబెడితే నీళ్లు దానిమ్మ రసంలా అయ్యాయి.

అసలు పరీక్ష మాత్రం రెండో శాంపిల్. మొదటిది బాగా వచ్చిన చోట మూడు వారాలాగి మళ్లీ వేరే పేరుతో తెప్పించాను. రెండోసారి కూడా అదే నాణ్యత, అదే టైముకి వస్తేనే లెక్క. ఆ రెండో పీసుని కావాలనే వెనక్కిస్తానన్నాను. అమ్మేటప్పుడు అందరూ తియ్యగానే మాట్లాడతారు. వెనక్కి తీసుకునేటప్పుడు ఎలా మాట్లాడతారో అదే వాళ్ల అసలు గొంతు.

రిటర్న్ మీద ఇంత పట్టుదల ఎందుకంటే లెక్క అలా ఉంది. సప్లయర్ రేటు 450, కొరియర్ 80, మనం అమ్మేది 699 అనుకోండి. మిగిలేది 169. క్యాష్ ఆన్ డెలివరీలో కస్టమర్ పార్సిల్ తీసుకోకపోతే పోను 80, రాను 80, మొత్తం 160 మన మీద పడుతుంది. అంటే ఒక పార్సిల్ తిరిగొస్తే, ఇంకో పార్సిల్ మీద వచ్చిన లాభం దాదాపు మొత్తం పోయినట్టే. పదిలో మూడు తిరిగొస్తే ఏడింటి మీద వచ్చిన 1,183లో 480 పోయి 703 మిగులుతాయి. పార్సిల్‌కి 70 రూపాయలు. ప్రకటనలు, పన్నులు ఇంకా లెక్కలోకే రాలేదు. తిరిగొచ్చిన పీసుని సప్లయర్ తీసుకోనంటే ఒక్కో దానికి ఇంకో 450 మన నెత్తిమీదే. మూడింటికి 1,350. అప్పుడు లాభం కాదు, చేతి నుంచి పడుతుంది.

చాలామంది సప్లయర్లు ‘నో రిటర్న్, నో ఎక్స్చేంజ్’ అని ముందే రాసేస్తారు. మనం కూడా అదే కాపీ చేసి మన పేజీలో పెట్టేద్దాం అనిపిస్తుంది. కానీ 2020లో వచ్చిన ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం, సరుకు లోపంతో ఉన్నా, చెప్పినట్టు లేకపోయినా వెనక్కి తీసుకోనని అమ్మేవాళ్లు అనడానికి లేదు. కస్టమర్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేస్తే చెప్పేది మన షాపు పేరే, సూరత్ గోడౌన్ పేరు కాదు. అందుకని నేను ఒకటే అడిగేదాన్ని. ‘మీ తప్పు ఉన్న పీసు వెనక్కొస్తే రెండువైపులా కొరియర్ ఎవరిది?’ దీనికి సూటిగా జవాబు చెప్పినవాళ్లు చివరికి ముగ్గురే మిగిలారు. జైపూర్‌లో బ్లాక్ ప్రింట్ డ్రెస్ మెటీరియల్ చేసే ఒకాయన, విజయవాడ వస్త్రలతలో ఒక షాపు, మంగళగిరిలో మగ్గాలున్న ఒక కుటుంబం.

మంగళగిరి వాళ్లు ఆన్‌లైన్‌లో దొరకలేదు. పక్క ఊరే కదా అని బస్సెక్కి వెళ్లి, మగ్గం చప్పుడు వినిపించిన ఇంటి ముందు నిలబడి అడిగాను. డ్రాప్ షిప్పింగ్ అన్న మాట వాళ్లకి కొత్త. ‘అంటే మేం పంపితే నువ్వు అమ్మినట్టా?’ అని నవ్వింది ఆ ఇంటి పెద్దావిడ. పార్సిల్ కట్టడం, లేబుల్ అంటించడం వాళ్లబ్బాయికి ఒక పూటలో వచ్చేసింది.

షాపు తెరిచిన కొన్నాళ్లకి రేపల్లె నుంచి ఒక టీచర్ గారు ఫోన్ చేశారు. స్కూల్ వార్షికోత్సవం పది రోజుల్లో ఉందట. పన్నెండు మంది టీచర్లకి ఒకే రంగు మంగళగిరి చీరలు కావాలి. ‘డబ్బు ఇప్పుడే పంపిస్తానమ్మాయ్, ఆ రోజుకి అందరం ఒకేలా ఉండాలి’ అన్నారు. అంతవరకు నాకొచ్చినవాటిలో అదే పెద్ద ఆర్డర్.

మంగళగిరికి ఫోన్ చేశాను. పెద్దావిడ లోపలికెళ్లి లెక్కపెట్టి వచ్చింది. ‘అమ్మాయ్, ఆ నెమలిపింఛం రంగువి తొమ్మిదే ఉన్నాయి. ఇంకో మూడు కావాలంటే మళ్లీ నూలుకి రంగు అద్దించాలి. పది రోజుల్లో అవ్వదు. అయినా అద్దకం మారితే షేడు మారుద్ది. తీరా కట్టుకుని పక్కపక్కన నిలబడితే తెలిసిపోద్ది. పన్నెండు ఉన్నాయని మాత్రం చెప్పమాక.’

ఇంకోపక్క ఒక గ్రూపులో అదే రంగు ఫొటోతో ఒక సప్లయర్ ఉన్నాడు. చీరకి అరవై రూపాయలు తక్కువ. ‘పన్నెండు కాదు, ఇరవై కావాలన్నా ఈరోజే పంపిస్తా. ఫుల్ పేమెంట్ ముందు’ అన్నాడు. తేదీ రాసిన కాగితంతో వీడియో అడిగాను. మళ్లీ అదే ఫొటో పంపాడు. జీఎస్టీ నంబర్ కొట్టి చూస్తే రద్దయినట్టు ఉంది. అతను నిజంగా పంపేవాడేమో నాకు తెలీదు. కానీ ‘ఉంది’ అన్న అతని మాట వెనక ఏమీ కనపడలేదు. ‘లేదు’ అన్న ఆవిడ మాట వెనక మాత్రం లెక్కపెట్టిన తొమ్మిది చీరలున్నాయి.

టీచర్ గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆర్డర్ పోతుందనే అనుకున్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, ‘అయితే తొమ్మిది అవి పంపు. మిగతా ముగ్గురం స్టేజీ మీద పని చూసుకునేవాళ్లం. మాకు ముగ్గురికీ ఒకే రంగు ఇంకేదైనా చూడు’ అన్నారు. కుంకుమరంగువి మూడు దొరికాయి. చీరలు నాలుగో రోజుకల్లా రేపల్లె చేరాయి. వార్షికోత్సవం అయ్యాక ఫొటో పంపి, కింద ఇద్దరి ఫోన్ నంబర్లు పెట్టారు. ‘వీళ్లకీ కావాలట, మాట్లాడు’ అని.

ఆ తర్వాత నుంచి సప్లయర్‌ని కొత్తగా పరిచయం చేసుకున్నప్పుడల్లా ముందుగా ఒక ప్రశ్న అడుగుతున్నాను. ‘మీ దగ్గర ఈ వారం ఏది లేదు? ఏది ఆలస్యమవుద్ది?’ అన్నీ ఉన్నాయి, అన్నీ రేపే వెళ్తాయి అన్నవాళ్లతో మర్యాదగా నాలుగు మాటలు మాట్లాడి పెట్టేస్తాను. ‘ఫలానా రంగు అయిపోయింది, ఈ డిజైన్ పండగయ్యేదాకా రాదు’ అని చెప్పినవాళ్లకి శాంపిల్ ఆర్డర్ పెడతాను. సరుకు ముందు నిలబడి చూసేవాళ్లే అలా చెప్పగలరు.

ఇప్పటికీ ఎవరికీ నెల మొత్తం డబ్బు ముందు ఇవ్వను. వారం వారం లెక్క తేల్చుకుంటాం. ఒక్కో రకానికి ఇద్దరు సప్లయర్లను ఉంచుకుంటాను. ప్రతి సోమవారం పొద్దున్నే ముగ్గురికీ ఒకే మెసేజ్ వెళ్తుంది: ‘ఏవి అయిపోయాయో చెప్పండి.’ జవాబు రాగానే ఆ చీరల ఫొటోలు పేజీలోంచి తీసేస్తాను. ఒక్కోసారి పేజీ సగం ఖాళీ అయిపోతుంది. ఉన్నవి మాత్రం నిజంగా ఉన్నవే.