ఆ నీరెక్కడికి పోవుచున్నది?

కారు మరమ్మతును గూర్చి స్త్రీల పత్రికలో వ్రాయుట యేమని మీరు నవ్వవచ్చును. కాని వంటయింట మెలగిన వారికి ఈ విషయము బొత్తిగా క్రొత్తది కాదని మా యనుభవమున దెలిసినది.

మాయింట పదునెనిమిదేండ్ల నాటి చిన్నకారొకటి కలదు. పోయిన వేసవి మొదలు దాని రేడియేటరులో ప్రతిదినము నీరు తగ్గుచుండెను. మావారు ఉదయముననే చెంబెడు కొళాయినీరు పోసి బడికి బోవుచుండిరి. పాతబండికి దాహమెక్కువయని ఇంటిల్లిపాదియు నవ్వుకొంటిమే కాని, ఆ నీరెక్కడికి పోవుచున్నదని యొక్కరమైనను అడుగలేదు.

కార్తికమాసమున అత్తగారి మ్రొక్కు తీర్చుటకై అన్నవరము బయలుదేరితిమి. కొండదారి నెక్కుచుండగా వేడిని దెలుపు ముల్లు ఎఱ్ఱగీతను దాటెను. ముందుకప్పు క్రిందనుండి ఆవిరి బుసకొట్టెను. మావారు గబగబ దిగి, చేతిగుడ్డతో రేడియేటరు మూత త్రిప్పబోయిరి. మేము చేయి పట్టుకొని యాపితిమి. "ఆగుడు! కుక్కరు కూత వేయుచుండగా మూత తీయుదురా యెవరైన?" అంటిమి. వారు చేయి వెనుకకు దీసికొనిరి. అత్తగారిని వేఱొక బండిలో కొండపైకి బంపి, ఇంజను పూర్తిగా చల్లారువఱకు చెట్టునీడను గూర్చుంటిమి.

ఆ పోలిక నోటికి వచ్చినది గాని, అది నిజమే. రేడియేటరు మూతయు కుక్కరు మూతయు ఒకే సూత్రమున పనిచేయును. వట్టినీరు 100 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరగును. చదరపు సెంటీమీటరునకు 0.9 కిలోగ్రాముల అదనపు ఒత్తిడిలో నుంచినచో సుమారు 118 డిగ్రీలవఱకు మరగదు. మూత తీసినతోడనే ఆ ఒత్తిడి పోవును. లోపలి నీరంతయు ఒక్కుమ్మడిగా మరగి ముఖముపైకి జిమ్మును. కనుక ఇంజను వేడిగానున్నపుడు ఆ మూతను ముట్టరాదు.

మఱునాడు ఒక మరమ్మతుశాలవారు బండిని చూచి, హెడ్ గాస్కెట్ పోయినదనియు, ఇంజను విప్పవలెననియు, 30,000 రూపాయలగుననియు జెప్పిరి. అంత సొమ్ము మాయింట నొక్కచోటనే యున్నది. అది పెద్దమ్మాయి కాలేజీ రుసుమునకై కూడబెట్టినది. "బండి లేనిదే బడి యెట్లు?" అని మావారు చింతాక్రాంతులైరి. "నాలుగుదినములు గడువిండు. నీరు పోవు దారిని ముందు కనిపెట్టుదము" అని మేమంటిమి.

గాస్కెట్ అనగా ఇంజను దిమ్మకును దాని పైమూతకును నడుమనుండు పలుచని బిళ్ల. అది చెడినచో కొన్ని గుర్తులు కానవచ్చును. నీరు కలిసి ఇంజను ఆయిలు పాలు పోసిన తేనీటివలె మారవచ్చును. బండి వేడెక్కిన పిదపగూడ పొగగొట్టమునుండి తెల్లనిపొగ తియ్యని వాసనతో వచ్చుచుండవచ్చును. రేడియేటరులో బుడగలు లేవవచ్చును. మేము ఆయిలు కొలుచు కడ్డీని దీసి చూచితిమి. ఆయిలు స్వచ్ఛముగానే యుండెను. పొగయు తెల్లగా లేదు. రాత్రి బండిక్రింద అట్టముక్క పఱచితిమి. తెల్లవాఱి చూడగా పొడిగానే యుండెను. కాలిక్రింది తివాచీయు తడియలేదు.

మూడవనాడు ఉదయమున ఇంజను చల్లగానుండగా మూత తీసి చూచితిమి. రేడియేటరులో నీరు తక్కువ. ప్రక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో మాత్రము నిండుగానున్నది! ఆ డబ్బా మూతిచుట్టు ఎండిన చారలు గలవు. పాలు పొంగినపుడు మనము చూడకపోయినను పొయ్యిమీది మరక చెప్పును గదా!

మా వీధి చివరనున్న వృద్ధుడైన మెకానిక్కును బిలిచి ఆ చారలను జూపితిమి. ఆయన చేతిపంపుతో రేడియేటరునకు ఒత్తిడి నెక్కించెను. పావుగంటయైనను ముల్లు దిగలేదు. గొట్టములును నీటిపంపును బాగున్నవని తేలెను. పిమ్మట ఆ పంపునకే మూతను దగిలించెను. సగము ఒత్తిడికే అది గాలిని వదలెను. "రబ్బరు గట్టిపడినదమ్మగారూ. వేడిలో నీటిని బయటికి దోయుచున్నది, చల్లారినపుడు వెనుకకు లాగుకొనలేకున్నది" అనెను. దారిలో మరగి డబ్బాలోనికి వచ్చిన నీరు అక్కడినుండి పొర్లిపోవుచుండుటచేతనే రాత్రి అట్ట తడియలేదు.

క్రొత్త మూతకు 300 రూపాయలైనవి. కొళాయినీటి వలన లోన పేరుకొనిన సున్నపుపొరను కడిగించి, తయారీదారు చెప్పిన కూలెంటును సరియైన పాళ్లలో శుద్ధజలముతో గలిపి పోయించితిమి. నెలదినములుగా నీరు తగ్గలేదు. రుసుము సొమ్ము రుసుమునకే చెల్లినది.

గాస్కెట్ నిజముగానే చెడి యుండినచో ఆ ఖర్చు తప్పెడిది కాదు; అశ్రద్ధ చేసినచో ఇంజనే పోయెడిది. అయినను రుజువు చూపుమని యడుగుట మన హక్కు. ఇంకొక్క మాట. కూలెంటునందలి ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగానుండు విషము. ఒలికినదానిని వెంటనే కడుగుడు. మిగిలిన సీసాను పసిబిడ్డలకును పెంపుడు జంతువులకును అందనిచోట దాచుడు.

వచ్చు మాఘమాసమున అత్తగారిని మరల అన్నవరము తీసికొనిపోవలెను. ఈసారి బయలుదేరుటకు ముందు నీటిమట్టమును చూచుట మా పనియని మావారే నిర్ణయించిరి.