తలుపు పక్కన బొమ్మలు గీసినవాడు

'ఏలియన్' సినిమా పేరెత్తగానే అందరికీ ఆ జీవి గుర్తొస్తుంది. దాన్ని ఊహించిన హెచ్.ఆర్. గీగర్ ఆ సినిమాకి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ అందుకున్న ఐదుగురిలో ఒకడు. తగిన గౌరవమే. నాకు మాత్రం ఆ స్పేస్‌షిప్ తలుపుల పక్కన ఉండే చిన్న చిన్న గుర్తులంటే ఇష్టం. ఇక్కడ కృత్రిమ గురుత్వాకర్షణ ఉంది, ఇది చల్లటి గోదాం, ఇక్కడ కాఫీ దొరుకుతుంది. ఇలాంటివే. వాటిని గీసింది రాన్ కాబ్. ఆస్కార్ ఐదుగురిలో ఆయన లేడు. సినిమా పిచ్చి ఉన్న మన మిత్రుల్లో కూడా ఆయన పేరు తెలిసినవాళ్లు తక్కువ.

కాబ్ 1937లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టాడు. బొమ్మలు వేయడంలో ఏ శిక్షణా లేకుండానే పద్దెనిమిదేళ్లకి డిస్నీ స్టూడియోలో చేరాడు. ఆ సినిమా పని అయిపోగానే ఉద్యోగం పోయింది. తర్వాత ఉత్తరాలు పంచాడు, తలుపుల ఫ్యాక్టరీలో పనిచేశాడు, బోర్డులు రాసే పెయింటర్ దగ్గర సహాయకుడిగా ఉన్నాడు. 1960లో సైన్యంలోకి లాక్కెళ్లారు. 1963లో వియత్నాం పంపారు. తిరిగొచ్చాక 'లాస్ ఏంజెలెస్ ఫ్రీ ప్రెస్' అనే ప్రత్యామ్నాయ పత్రికకి కార్టూన్లు వేశాడు. యుద్ధం, జాతి వివక్ష, పాడైపోతున్న భూమి, ఇవీ ఆయన విషయాలు. 1969లో పర్యావరణ ఉద్యమం కోసం ఒక గుర్తు తయారుచేసి, ఎవరైనా వాడుకోండి అని హక్కులు వదిలేశాడు.

1979 నాటి 'ఏలియన్' లోని నోస్ట్రోమో ఓడని ఇదంతా తెలిశాక మళ్లీ చూడండి. అది రాజకుమారులు తిరిగే వెండి విమానం కాదు. ఖనిజాన్ని లాక్కెళ్లే సరుకు బండి. లోపల ఇరుకు, మసి, పైపులు. పైన ఆఫీసర్లు, కింద ఇంజిన్ దగ్గర పార్కర్, బ్రెట్. మిగతావాళ్లతో సమానంగా మాకు బోనస్ ఎందుకు రాదని వాళ్లిద్దరూ మొదట్లోనే అడుగుతారు. ఆ జీవిని తీసుకురావడమే కంపెనీకి ముఖ్యం, మనుషులు పోయినా ఫర్వాలేదు. ఈ కథ రాసింది కాబ్ కాదు. కానీ పనిచేసే చోటు ఎలా ఉంటుందో తెలిసినవాడు ఆ గదులు గీశాడు కాబట్టే కథ నమ్మేలా ఉంది.

ఆ జీవిని కాల్చి చంపేయొచ్చు కదా? ఈ చిక్కుముడికి దారి చూపింది కూడా కాబే. దాని రక్తం యాసిడ్ అయితే, కాలిస్తే ఓడకే చిల్లు పడుతుంది. అలాంటి ఆలోచన యంత్రం గురించి ఆలోచించేవాడికే వస్తుంది. 1986లో వచ్చిన రెండో భాగంలో వలస కాలనీ కట్టడాలకీ రూపం ఇచ్చాడు.

మిత్రులారా, సైన్స్ ఫిక్షన్ సంగతి మనకెందుకు అంటారేమో. కొత్త నగరాలు కడతామని ప్రభుత్వాలు విడుదల చేసే నమూనా చిత్రాలు చూడండి. అవీ కాన్సెప్ట్ ఆర్టే. అద్దాల మేడలు, చెరువు, సైకిల్ మీద నవ్వుతున్న కుటుంబం. ఆ మేడల మురుగు ఎటు పోతుంది? మ్యాన్‌హోల్ ఎక్కడుంది? అందులోకి దిగేది ఎవరు? చేతులతో మలం ఎత్తించే పనిని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది, చావులు ఆగలేదు. భవిష్యత్తు బొమ్మలో ఆ మనిషి లేడంటే, అతని పని పోయిందని కాదు. అతన్ని చూడొద్దని ముందే తీర్మానించుకున్నారని. కాబ్ బొమ్మలో కింది అంతస్తు కనబడుతుంది. అందుకే ఆయన నాకు ముఖ్యం.

బొమ్మలు వేసే మన విద్యార్థులకి ఒక మాట. రేపటి హైదరాబాద్‌ని, రేపటి పల్లెని మీరే గీయండి. మన వాడల్లో పుట్టినవాళ్ల చేతి నుంచి ఆ బొమ్మ రావాలి. కింది అంతస్తు గీయడం మర్చిపోకండి. దాన్ని ఎలా లేకుండా చేయాలో కూడా గీయండి.

సభలు పెట్టేవాళ్లకి ఇంకో మాట. పోస్టర్ మూల ఆర్టిస్టు పేరు వేయండి. కాబ్ తన గుర్తు మీద హక్కులు వదులుకున్నాడు, అది ఆయన ఇచ్చిన కానుక. అడగకుండా పేరు తీసేయడం కానుక కాదు, దోపిడీ. ఆ దోపిడీ మనం బాగా ఎరుగుదుం.

రాన్ కాబ్ 2020 సెప్టెంబర్ 21న సిడ్నీలో చనిపోయాడు. ఆ రోజు ఆయన 83వ పుట్టినరోజు.

జై భీమ్.