పాస్ మార్కు ఎంతమ్మా?

నాన్నకి మూత్రంలో రక్తం పడుతోందన్న సంగతి మాకు తెలిసేసరికే మూడు నెలలయింది. నొప్పి లేదు కదా, వేడి చేసిందనుకుని బార్లీ నీళ్లు తాగుతూ కూర్చున్నారాయన. రెండ్రోజులు కనిపించడం, మాయమవడం. అమ్మకి కూడా చెప్పలేదు. నొప్పి లేకుండా రక్తం పడితేనే ఎక్కువ అనుమానించాలని డాక్టరుగారు చెప్పాకగానీ తెలీలేదు. 40 ఏళ్లు సిగరెట్లు కాల్చి మానేసిన మనిషి. పొగ ఊపిరితిత్తులకే చేటనుకుంటాం. అందులోని విషాలు రక్తంలో కలిసి, కిడ్నీలు వడకట్టాక మూత్రాశయంలోనే నిలవుంటాయట!

స్కానింగ్‌లో గడ్డ కనిపించింది. ఆపరేషన్‌కి ముందు ఎమ్మారై తీయించమన్నారు. 'ఎలాగూ తీసి పరీక్షకి పంపుతారుగా, మళ్లీ ఈ ఖర్చెందుకు?' అని కాస్త విసురుగానే అడిగాను. గడ్డని గీరేశాక తీస్తే వాపు వల్ల బొమ్మ సరిగా తెలియదట.

రేడియాలజిస్టు చిన్నమ్మాయి. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. ఒంట్లో నీటి అణువులు ఎప్పుడూ కదులుతూనే ఉంటాయి. ఖాళీ వీధిలో హాయిగా నడుస్తాం, తిరునాళ్లలో అడుగు పడదు. కణాలు కిక్కిరిసిన చోట నీటి పరిస్థితీ అంతే. ఆ కదలికని కొలిచే అంకె పేరు ఏడీసీ. మూత్రానికి ఇంచుమించు 3 ఉంటుంది. నాన్న గడ్డకి 0.8 వచ్చింది. అంకె తగ్గేకొద్దీ గడ్డ ఉద్ధృతమైనదేమోనని అనుమానించాలి.

నాన్న రిటైరైన లెక్కల మాస్టారు. 'పాస్ మార్కు ఎంతమ్మా?' అన్నారు. ఆ పిల్ల నవ్వలేదు. 'మెషీన్‌ని బట్టి, కొలిచే పద్ధతిని బట్టి తేడా వస్తుంది తాతగారూ. అందరికీ ఒకే హద్దు లేదు. ముక్క పరీక్షే ఖాయంగా చెప్పాలి' అంది. ఆ మాటతోనే నాకు ఆమె మీద నమ్మకం కుదిరింది.

గడ్డ ఎంత చెడ్డదన్నది ఒకటి, ఎంత లోతుకి వెళ్లిందన్నది మరొకటి. లోతుకి 2018లో వచ్చిన వైరాడ్స్ పద్ధతిలో 1 నుంచి 5 దాకా మార్కులేస్తారు. నాన్నకి 2. అంటే కండరం దాకా పోయి ఉండకపోవచ్చు.

ఆపరేషన్ తర్వాత పది రోజులకి రిపోర్టొచ్చింది. ఉద్ధృతమైన రకమే. కండరంలోకి పాకలేదు. ముందే అంకె విని ఉన్నాం గనక ఎవరం కూలబడలేదు.

వారానికోసారి, ఆరు వారాలు బీసీజీ మందుని గొట్టంతో మూత్రాశయంలోకి ఎక్కించారు. పసిపిల్లలకి క్షయ రాకుండా వేస్తారే, ఆ బీసీజీయే! ఇక మూడు నెలలకోసారి కెమెరాతో చూపించుకోవాలి. ఆ తేదీలన్నీ నాన్నే క్యాలెండర్‌లో ఎర్ర ఇంకుతో రాసుకున్నారు. ఈసారి అమ్మకి చూపించి మరీ.