అరుగు మీద బి.కాం.

లెక్కలు రాయడం మన ఆడవాళ్ళకి ఎవరో ప్రత్యేకంగా నేర్పాల్సిన విద్య కాదు. పాలవాడి లెక్క వంటింటి తలుపు వెనక బొగ్గు గీతల్లో ఉంటుంది. చాకలి పద్దు కేలండరు వెనక ఉంటుంది. పక్కింటి పిన్నిగారికి బదులిచ్చిన గ్లాసుడు పంచదార మనసులో ఉంటుంది. ఈ ఆఖరి పద్దు ఏ ఆడిటరు కంటా పడదు గానీ, మనం మాత్రం మర్చిపోం. ఇంత విద్య చేతిలో ఉండి కూడా "నీకేం తెలుస్తుంది, ఇదిగో, ఇక్కడ సంతకం పెట్టు" అనేసరికి కలం ఎటు పట్టుకోవాలా అని మాత్రమే చూస్తాం; కాగితంలో ఏముందో చూడం. ఎందుకిలా అని నేను మొట్టమొదట ఆలోచించింది బి.కాం. మొదటి ఏడు చదివే రోజుల్లో.

నేను బి.కాం. చదివానంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. అది 1984. మాది రామచంద్రపురం. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మా ఊరు కోనసీమ జిల్లాలోకి వెళ్ళింది గానీ, అప్పుడు తూర్పు గోదావరే. కాకినాడ వెళ్ళాలంటే మాకు బస్సే గతి. కోటిపల్లి రైలు పట్టాలు రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పీక్కుపోయారు. మళ్ళీ రైలు కూత వినపడింది 2004లో. ఇంటర్మీడియెట్ పరీక్షలు రాసిన ఏడే కాపరానికి వచ్చేసిన నాకు కాలేజీ అనే మాట అత్తింట్లో అనడానికే జంకుగా ఉండేది. అదృష్టవశాత్తూ ఆంధ్ర విశ్వవిద్యాలయం వారు 1972లోనే కరస్పాండెన్సు కోర్సులు పెట్టి ఉన్నారు. పాఠాలు విశాఖపట్నం నుంచి పోస్టులో వస్తాయి. "ఇంట్లో కూచుని చదివేదేగా, చదువుకో" అన్నారు మా వారు. "పోస్టులో వచ్చే చదువు కూడా ఒక చదువేనా!" అన్నారు మా అత్తగారు. వద్దని మాత్రం ఎవరూ అనలేదు కనక ఒప్పుకున్నట్టే లెక్క కట్టుకున్నాను.

మూడో నెలలో పోస్టుమాన్ ఒక రహస్యం బయటపెట్టాడు. "ఏంటమ్మా, ఈ వీధిలో నాలుగిళ్ళకి ఇలాంటి కవర్లే ఇత్తన్నాను. అందరూ ఒకటే పుస్తకాలు తెప్పించుకుంటన్నారాండి?" అన్నాడు. నాలుగిళ్ళా! ఎవరికి వాళ్ళం గుట్టుగా చదువుకుంటున్నామన్నమాట. ఫెయిలయితే నలుగురిలో నగుబాటు కాకుండా ముందుజాగ్రత్త.

ఆ నలుగురెవరో చెబుతాను. ఒకతె మాస్టారి చిన్నమ్మాయి, పంతొమ్మిదేళ్ళది, పాదరసంలాంటి పిల్ల. రెండో ఆమె మేడ ఇంటి కొత్తకోడలు. పాలకొల్లు పిల్ల, మేం ముద్దుగా చిన్నవదిన అనేవాళ్ళం. మూడో ఆవిడ బట్టల కొట్టులో గల్లాపెట్టె దగ్గర కూచునే అక్కయ్య. ముప్ఫై దాటలేదు, ఇద్దరు పిల్లలు. భర్త పోయి మూడేళ్ళు. నాలుగోదాన్ని నేను. అరుగు మాది కనక సభాస్థలం మా ఇల్లే. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా, అంటే మగవాళ్ళ భోజనాలయ్యాక, కాఫీలు మొదలయ్యేలోపల, మా కాలేజీ నడిచేది. అక్కయ్యకి కొట్టులో భోజనాల విరామం ఆ వేళకే.

అందరం అన్నీ చదవాలంటే కుదిరేది కాదు. అందుకని పంచుకున్నాం. అర్థశాస్త్రం చిన్నవదినది, ఇంగ్లీషు మాస్టారి అమ్మాయిది, అకౌంట్లు అక్కయ్యవి. మిగిలిన వ్యాపార నిర్వహణ నాకు దక్కింది. ఎవరి పాఠం వాళ్ళు చదువుకొచ్చి మిగతా ముగ్గురికీ చెప్పాలి. అసలు చిక్కు అక్కడే వచ్చింది. చదవడం వేరు, నోరు విప్పి చెప్పడం వేరు. అప్పటిదాకా నలుగురిలో నా మాటలు "ఇంకొంచెం పులుసు పొయ్యమంటారా" దాటి ఎరగవు. మొదటివారం పాఠం చెబుతూ నేను పుస్తకంలోంచి తల ఎత్తలేదు. అక్కయ్యే, "పుస్తకం మేమూ చదవగలం గానీ, నీకేం అర్థమైందో చెప్పవే" అంది.

సరే, చెప్పాను. హెన్రీ ఫాయోల్ అని ఫ్రాన్సు దేశపు గనుల ఇంజినీరు ఒకాయన, 1916లో వ్యాపార నిర్వహణకి పధ్నాలుగు సూత్రాలు రాశాడు. ఒక మనిషికి ఒక యజమానే ఆజ్ఞ ఇవ్వాలన్నది అందులో ఒకటి. అది వినగానే చిన్నవదిన పకపకా నవ్వింది. "మా ఇంట్లో నాకు నలుగురు యజమానులండి. అత్తగారు పప్పు వెయ్యమంటారు, పెద్ద తోటికోడలు దింపమంటారు, ఆడపడుచు ఉప్పు చాల్లేదంటుంది, మావగారు అసలు పప్పెందుకంటారు. ఆ ఫాయోల్ గారిని ఓ పూట మా ఇంటికి భోజనానికి పిలవాలి" అంది. ఆ సూత్రం మా నలుగురిలో ఎవరికీ ఈనాటికీ మర్చిపోయే ప్రసక్తి లేదు. పధ్నాలుగోది, ఆఖరుది, కలిసి పనిచేసేవాళ్ళ మధ్య ఉండాల్సిన ఐకమత్యం గురించి. పుస్తకంలో దానికి నాలుగు లైన్లే ఉన్నాయి. మాకు మాత్రం ఏడాది పట్టింది.

మాస్టారి అమ్మాయి తెలివి గురించి చెప్పాను కదా, ఆ తెలివికి తోడు కాస్త దురుసు కూడా ఉండేది. ఎవరైనా నెమ్మదిగా అర్థం చేసుకుంటుంటే పెన్సిలు అరుగుమీద టకటకా కొట్టేది. ఒకరోజు చిట్టా నుంచి ఆవర్జాకి పద్దులెక్కించి అంకణా వేశాం. అదేనండీ, ట్రయల్ బ్యాలెన్సు. రెండువైపులా సమానంగా రావాలి. తొంభై రూపాయలు తేడా వచ్చింది. ఆ పిల్ల మూడుసార్లు కూడింది, మూడుసార్లూ తొంభయ్యే. అక్కయ్య మెల్లిగా, "తొంభైని తొమ్మిదితో భాగించమ్మా. శేషం లేకుండా పోయిందా? అయితే ఎక్కడో అంకెలు తారుమారయి ఉండొచ్చు. చూడు" అంది. వెతికితే ఒకచోట 540 ఉన్నది ఇంకోచోట 450గా పడింది. పక్కపక్క అంకెలు అటూ ఇటూ అయితే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదో ఎక్కమే అవుతుంది. తొమ్మిదితో పోయిన ప్రతి తేడా అదే కారణంగా రావాలని లేదు గానీ, ముందు వెతకాల్సిన చోటు అది. గల్లాపెట్టె దగ్గర రోజూ రాత్రి లెక్క సరిచూసుకుంటూ నేర్చుకున్న కిటుకట. ఆ తరవాత అరుగుమీద పెన్సిలు చప్పుడు వినపడలేదు.

మార్గశిరంలో కోతలొచ్చాయి. మేడ ఇంట్లో రోజుకి పాతికమందికి వంట. చిన్నవదిన రావడం మానేసింది. వాళ్ళ అత్తగారు కచ్చితమైన మనిషి. అడిగితే అసలుకే మోసం. ఏం చెయ్యాలా అని ఆలోచించి, మేమే అరుగుని వాళ్ళ పెరట్లోకి మార్చాం. చింతపండు గింజలు తీస్తూ, మినుములు చెరుగుతూ, గిరాకీ సిద్ధాంతం చెప్పించుకున్నాం. పది రోజులయ్యేసరికి ఆ అత్తగారు, "చేతులు ఆడుతున్నాయి కనక నోళ్ళు ఆడినా పరవాలేదులే" అని తీర్పిచ్చారు.

ఇంతవరకూ సరదాగానే గడిచింది. సంక్రాంతి వెళ్ళాక భాగస్వామ్య వ్యాపారం పాఠం వచ్చింది. అది నా వంతు. చెబుతుంటే అక్కయ్య ముఖం మారిపోయింది. "భాగస్తుడు పోతే ఆ వాటా ఏమవుతుంది?" అని అడిగింది. పుస్తకంలో అంత వివరంగా లేదు.

సంగతేమిటంటే, అక్కయ్య పనిచేసే కొట్టు పరాయివాళ్ళది కాదు. ఆవిడ భర్తా, ఆయన స్నేహితుడూ సగం సగం పెట్టుబడితో పెట్టుకున్నది. ద్వారపూడి నుంచి బట్టల బేళ్ళు తెచ్చి అమ్మేవారు. ఆయన పోయాక స్నేహితుడు కొట్టు నడుపుతూ, ఈవిడకి గల్లాపెట్టె దగ్గర పని, నెలకి రెండువందల జీతం, పండగకో చీరా ఇస్తున్నాడు. ఊరంతా ఆయన్ని ధర్మాత్ముడంది. అక్కయ్య కూడా అదే అనేది. ఆయన చెడ్డవాడు కూడా కాదండీ; సాయం చేస్తున్నాననే నిజంగా నమ్మాడు. వాటా ఒకటుందని ఎవరికీ తోచలేదు, అంతే.

మా వీధి చివర ప్రాక్టీసు మానేసిన ప్లీడరుగారొకరుండేవారు. ఆయన దగ్గర 1932 నాటి భాగస్వామ్య చట్టం పుస్తకం తెచ్చుకున్నాం. 42వ సెక్షనులో, వేరే ఒప్పందం లేకపోతే భాగస్తుడు చనిపోవడంతో ఆ భాగస్వామ్యం రద్దవుతుందని ఉంది. 37వ సెక్షను ఇంకా ముఖ్యం. లెక్క తేల్చకుండా, పోయినవారి ఆస్తి కూడా వాడుకుంటూ మిగిలినవాళ్ళు వ్యాపారం సాగిస్తే, వేరే ఒప్పందం లేనప్పుడు, వారసులు రెండిటిలో ఒకటి కోరుకోవచ్చు: ఆ వాటా మీద వచ్చిన లాభమైనా, లేదా వాటా సొమ్ము మీద ఏడాదికి నూటికి ఆరు వడ్డీ అయినా. అక్కయ్య ఆ పేజీ రెండుసార్లు చదివింది. ప్లీడరుగారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "చట్టం సరేనమ్మా, లెక్క ఏదీ? కోర్టయినా పెద్దమనుషులైనా ముందు అడిగేది లెక్కే" అన్నారు.

లెక్క అక్కయ్య పెట్టెలో ఉంది. భర్త చేతిరాతతో ఉన్న చిట్టా పుస్తకాలు పసుపు గుడ్డలో కట్టి దాచుకుంది, జ్ఞాపకంగా. మూడువారాలు కూచున్నాం. ఆయన పోయిన రోజుకి కొట్టులో సరుకెంత, రావాల్సిన బాకీలెంత, ద్వారపూడి వాళ్ళకి ఇవ్వాల్సిందెంత. మాస్టారి అమ్మాయి కూడింది, చిన్నవదిన రాత్రిళ్ళు శుభ్రంగా ప్రతి రాసింది, అక్కయ్య ప్రతి పద్దూ గుర్తు చేసుకుని ఇది వచ్చే బాకీ, ఇది రాని బాకీ అని విడదీసింది. వాటా పధ్నాలుగు వేల చిల్లర తేలింది. ఆ రోజుల్లో అది పెద్ద మొత్తమే.

ఇక పెద్దమనుషుల ముందు చదివేదెవరు? తన గొంతు పూడుకుపోతుందంది అక్కయ్య. మాస్టారి అమ్మాయి చిన్నపిల్ల. చిన్నవదినకి గడప దాటే వీల్లేదు. "నిర్వహణ నీదేగా" అన్నారు ముగ్గురూ.

మా వారు ఆ రాత్రి అన్నం దగ్గర చాలాసేపు మాట్లాడలేదు. ఆ కొట్టులో మాకు ఖాతా ఉంది, ఆయనా మా వారూ రోజూ పలకరించుకునే మనుషులు. "మనకెందుకు?" అన్నారు చివరికి. నేను జవాబు వెతుక్కుంటుంటే, మజ్జిగ పోస్తున్న మా అత్తగారు, "ఆ పిల్ల మొగుడి సొమ్ము ఆ పిల్లకి రావద్దట్రా? వెళ్ళి చదివి రానీ" అన్నారు. పోస్టు చదువుని ఈసడించిన అత్తగారే!

వెళ్ళాను. ప్లీడరుగారి సావిట్లో ఆరుగురు మగవాళ్ళు కుర్చీల్లో. కాగితం వణికింది గానీ గొంతు వణకలేదు. అరుగుమీద ఏడాదిపాటు ముగ్గురికి పాఠం చెప్పిన గొంతు అది. ఆ సంగతి ఆ క్షణంలోనే నాకు తెలిసింది. అంతా విని ఆయన అడిగింది ఒక్కటే ప్రశ్న: "ఈ అంకణా ఎవరు వేశారమ్మా?" "మేమేనండి, నలుగురం" అన్నాను. ఆయన కాగితం తీసుకుని రెండు బాకీలు ఎప్పటికీ రావన్నారు. నిజమేనంది అక్కయ్య. కొట్టేశాం. మిగతాది రెండేళ్ళలో వాయిదాలుగా ఇస్తానన్నారు, ఇచ్చారు. అక్కయ్య రెండు కుట్టుమిషన్లు కొనుక్కుని సొంతంగా జాకెట్లు కుట్టే కొట్టు పెట్టుకుంది. మా ఖాతా కూడా ఆ బట్టల కొట్టులో ఎప్పటిలాగే సాగింది. మా వారి భయం ఊరికే పోయింది.

ఆవకాయ రోజుల్లో పరీక్షలు. ముగ్గురం పాసయ్యాం. చిన్నవదినకి ఏడో నెల. అకౌంట్ల పేపరు నాడు ఒంట్లో బాగులేక వెళ్ళలేకపోయింది. ఆ ఒక్క పేపరూ మరుసటి ఏడు, ఉయ్యాలలో పిల్లాణ్ణి మేం ఊపుతుండగా చదివి, రాసి గట్టెక్కింది.

తరవాత్తరవాత ఎక్కడ నలుగురు ఆడవాళ్ళు కలిసి పని చేశారని విన్నా నాకు మా అరుగే గుర్తొచ్చేది. 1959లో బొంబాయి గిర్‌గాంలో ఏడుగురు ఇల్లాళ్ళు ఎనభై రూపాయల అప్పుతో, డాబా మీద అప్పడాలొత్తి మొదలుపెట్టిన లిజ్జత్ సంగతి మీకు తెలిసిందే. అందులో చేరిన ప్రతి ఆమే యజమానురాలే. లాభమైనా నష్టమైనా అందరిదీ. మన రాష్ట్రంలో రోజుకో రూపాయి దాచుకునే పొదుపు సంఘాలూ, డ్వాక్రా సంఘాలూ ఊరూరా లేచినప్పుడు, మా వీధి సంఘం పుస్తకాలు రాసింది ఎవరనుకున్నారు? అక్కయ్యే. తొంభై తేడా వస్తే ఏం చెయ్యాలో సంఘంలో అందరికీ నేర్పింది కూడా.

ఈమధ్య మా మనవరాలు బి.కాం. మొదటి ఏడు పూర్తి చేసింది. ఈ పిల్లలకి మొదటి ఏడు కాగానే ఊళ్ళలోకి వెళ్ళి ఇంటింటి వివరాలు రాసి, సామాజిక సేవా ప్రాజెక్టు చెయ్యాలట. "మా జట్టులో ఒకమ్మాయి ఏమీ రాయదు అమ్మమ్మా, పేరు మాత్రం పెట్టించుకుంటుంది" అని విసుక్కుంది. "రాయకపోతే పోనీ, ఆ అమ్మాయికి ఏం వచ్చో అడిగావా?" అన్నాను. అడిగిందట. ఆ పిల్లది ఆత్రేయపురం వైపు. 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన పూతరేకులు, వాళ్ళింట్లో తెల్లవారుజామునే మొదలు. తల్లి కుండమీద రేకు తీస్తుంటే ఈ పిల్ల నెయ్యీ పంచదారా వేసి మడతపెట్టి, అప్పుడు బస్సెక్కుతుంది. రాయడానికి ఓపిక లేదు గానీ, ఏ ఇంట్లో అడుగుపెట్టినా రెండు నిమిషాల్లో ఆ ఇంటివాళ్ళచేత మాట్లాడించగలదట. ఆ పిల్ల అడుగుతుంటే మిగతావాళ్ళు రాసుకున్నారు.

నా డిగ్రీ పట్టా బీరువాలో ఉంది. ఉద్యోగం చెయ్యలేదు కనక అది ఎవరికీ చూపించే అవసరం రాలేదు. కానీ ఇంటికి ఏ కాగితం వచ్చినా, బ్యాంకుదైనా భూమిదైనా, మా వారు ఇప్పుడు ముందు నా చేతికిస్తారు. నేను చదివాకే ఇద్దరం సంతకం పెడతాం. మీ ఇంటికీ అలాంటి కాగితాలు వస్తూనే ఉంటాయి. అర్థం కాకపోతే నామోషీ ఏమీ లేదు. పక్కింటామెని పిలవండి, ఆవిడకి మీకు తెలియనిది ఏదో ఒకటి తెలిసే ఉంటుంది.