పగడపు నారు

పగడమనగానే మా ప్రాంతంలో అమ్మల మెడలోని పుస్తెలతాడు గుర్తుకు వస్తుంది. అసలు పగడమైతే, నల్లపూసల నడుమ మెరిసే ఆ ఎర్రపూస రాయి కాదు, సముద్రంలో చిన్న చిన్న జీవులు కట్టుకొన్న అస్థిపంజరం. ఈ సంగతి నాకు జెద్దాలో తెలిసింది. సిరిసిల్ల నేత కుటుంబంలో పుట్టి, కోరుట్లలో మేనమామ పసుపు చేలలో సెలవులు గడిపి, జగిత్యాలలో చదువుకొన్న నేను 2011లో బతుకుదెరువుకై అక్కడికి వెళ్ళాను. ఎర్రసముద్రపు ఒడ్డునున్న ఆ నగరంలో ఇంటి పనులతో పాటు ఉప్పునీటి అక్వేరియం బాధ్యత కూడా నాకే అప్పగించారు.

గాజుతొట్టిలో సముద్రాన్ని నిలబెట్టడం సులభం కాదు. లీటరు నీటికి సుమారు 35 గ్రాముల లవణాలుండాలి. వేడి 25 డిగ్రీల చుట్టూ నిలవాలి. నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మాత్రం మిగిలిపోతుంది. కనుక తగ్గిన మేరకు మంచినీటినే పోయాలి. అక్కడ మళ్ళీ ఉప్పునీరు పోస్తే ఆ చిన్న సముద్రం విషమవుతుంది.

ఆ తొట్టిలో పుట్టగొడుగు ఆకారంలో ఒక తోలు పగడం ఉండేది. శాస్త్రజ్ఞులు దానిని సార్కోఫైటన్ అంటారు. అది మెత్తని పగడం; రాతి పగడానికున్నట్టి గట్టి అస్థిపంజరం దానికి లేదు. చూడడానికి ఒకటే కాని, నిజానికి అది వందలాది జీవుల ఉమ్మడి కాపురం. ఒక్కొక్క జీవికి ఈకల వంటి ఎనిమిది చేతులు. అమ్మ మెడలోని ఎర్రపగడం కూడా ఈ ఎనిమిది చేతుల వంశానిదే! తోలు పగడపు దేహంలో నివసించే శైవలాలు వెలుతురుతో ఆహారం తయారుచేసి దానికి పెడతాయి.

ఒక పగడం నుంచి మరొకటి మొలిపించడం చూసినపుడు నాకు పసుపు కొమ్ములు నాటే మేనమామ జ్ఞాపకం వచ్చాడు. చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు పెట్టుకొని, పదునైన కొత్త బ్లేడుతో గొడుగు అంచును కోయాలి. కోయగానే అది చిక్కని జిగురు విడుస్తుంది. తొట్టి నీటితోనే కడిగి, ముక్కను చిన్న రాతిపై ఉంచాలి. ఆ జిగట వలన అంటు పదార్థమేదీ నిలవదు, దారంతో కట్టాలి. బిగిస్తే దారం దేహాన్ని కోస్తుంది, వదులైతే ముక్క ప్రవాహంలో కొట్టుకుపోతుంది. మగ్గమున్న ఇంటి బిడ్డకు ముడి వేయడం ఒకరు నేర్పాలా? రెండు మూడు వారాలలో ముక్క రాయిని పట్టుకొంటుంది. గాయం మానుతుంది. ఒక ఉదయం చూస్తే ఎనిమిది చేతులూ విచ్చుకొని ఉంటాయి. ఫోనులో చెబితే అమ్మ నవ్వింది: “రాయి పిల్లలు పెట్టుడేంది బిడ్డా?”

సముద్రం వేడెక్కితే పగడాలు తమలోని శైవలాలను వెళ్ళగొట్టి తెల్లబడతాయి. వేడి తగ్గకపోతే ఆకలితో చనిపోతాయి. 1998లో లక్షద్వీపాలలోనూ మన్నారు సింధుశాఖలోనూ అదే జరిగింది. ప్రపంచవ్యాప్తంగా నాలుగవసారి ఈ విపత్తు వచ్చిందని శాస్త్రజ్ఞులు 2024లో ప్రకటించారు. తొట్టిలో పెంచిన ముక్క సముద్రాన్ని బతికిస్తుందని నేననను. కాని తొట్టి కోసం సముద్రపు పగడాన్ని విరిచే చేతిని అది ఆపుతుంది.

2016లో నేను తిరిగి వచ్చేటప్పుడు ఒక మిత్రుడు పగడపు ముక్క తెమ్మన్నాడు. రాతి పగడాలను, సముద్రపు విసనకర్రలను మన దేశం 2001లోనే వన్యప్రాణి సంరక్షణ చట్టపు రక్షణలోకి తెచ్చిందని చెప్పి, ఏ పగడాన్నీ తేలేనన్నాను. ఆ తోలు పగడపు పిల్లలు పదకొండు. యజమాని బంధువుల ఇళ్ళలో నాలుగు తొట్టెలకు వాటిని పంచి, ప్రతి ఇంటివారికీ దారపు ముడి ఎంత వదులుగా ఉండాలో చూపించి వచ్చాను.