బినైన్ అన్న మాటతో రిపోర్టు అయిపోదు

నేను తమిళ మీడియంలో చదువుకున్నదాన్ని. రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి. ఈసారి విషయం ఆడవాళ్లదే అయినా మగవాళ్లు కూడా చదవాలి.

మా చెల్లెలి కూతురికి 44 ఏళ్లు. తనను అడిగే ఇది రాస్తున్నాను, పేరు మాత్రం చెప్పను. పోయిన ఏడాది రొమ్ములో చిన్న గడ్డ చేతికి తగిలింది. తమిళంలో కట్టి అన్నా, తెలుగులో గడ్డ అన్నా వినగానే గుండె జారిపోతుంది. స్కాన్ తీశారు, సూదితో ముక్క తీసి పరీక్షకు పంపారు. "బినైన్, క్యాన్సర్ కాదు, భయం లేదు" అని కవరు చేతికిచ్చి పంపేశారు. మా చెల్లెలు వెంటనే వడపళని వెళ్లి మొక్కు తీర్చుకుని వచ్చింది.

రైల్వేలో ఏళ్ల తరబడి క్లర్కు పని చేశాను కదా, ఏ కాగితమైనా కింద సంతకం దాకా చదవందే ఫైల్లో పెట్టను. రెండో పేజీలో "ఎటిపికల్ డక్టల్ హైపర్‌ప్లేసియా" అని ఉంది. ఇంకో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ ఓపిగ్గా విడమరిచి చెప్పారు.

క్యాన్సర్ కాని గడ్డలన్నీ ఒకటి కాదట. మొదటి రకం నీటి తిత్తులు, మామూలు ఫైబ్రోఎడినోమా లాంటివి. ఇంట్లో దగ్గరివాళ్లకు రొమ్ము క్యాన్సర్ లేకపోతే వీటివల్ల ముప్పు పెరగడం దాదాపు ఉండదు. రెండో రకంలో కణాలు ఎక్కువగా పెరుగుతాయి కానీ రూపు మారదు. ముప్పు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు. మూడోది ఎటిపియా, అంటే కణాల రూపు కూడా మారడం. ఇక్కడ ముప్పు నాలుగు రెట్లు. అమెరికాలో మేయో క్లినిక్ వాళ్లు ఇలాంటి గడ్డలున్న 9,087 మంది ఆడవాళ్లను ఏళ్ల తరబడి గమనించి 2005లో ఈ లెక్క ప్రచురించారు. అందులో మూడో రకం 100కి నలుగురిలోనే. అంటే చాలామంది భయపడాల్సిన పనే లేదు.

నాలుగు రెట్లు అంటే క్యాన్సర్ వచ్చి తీరుతుందని కాదు. ఎటిపియా ఉన్నవాళ్లలో 25 ఏళ్లలో 100కి 30 మందికి వచ్చిందని అదే మేయో వాళ్లు తర్వాత చూశారు. 70 మందికి రాలేదు. కానీ ఆ 30 మందిలో మన పిల్ల ఉంటుందో లేదో ముందే తెలియదు కాబట్టి కనిపెట్టుకుని ఉండాలి.

మా పిల్లకు గడ్డ చుట్టూ ఉన్న కండ కూడా తీసి పరీక్ష చేశారు. దేవుడి దయ, క్యాన్సర్ లేదు. ఏడాదికోసారి మామోగ్రామ్ తీయించాలి. టామోక్సిఫెన్ మాత్ర ముప్పు తగ్గిస్తుందట, కానీ రక్తం గడ్డకట్టడం, గర్భసంచి ఇబ్బందులు వచ్చే అవకాశం ఉందట. వేసుకోవాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తోంది.

ఇంట్లో అసలు గొడవ వేరే. "అమ్మాయి పెళ్లి చెయ్యాలి, ఎవరికీ చెప్పొద్దు" అన్నాడు అల్లుడు. ఆయన్ని తప్పుపట్టను, మన సంబంధాలు అలా ఉన్నాయి. కానీ దాచిపెడితే ఏటా మామోగ్రామ్‌కు ఏ సాకు చెప్పి వెళ్తుంది? రెండేళ్లు వెళ్తుంది, మూడో ఏడు మానేస్తుంది. అందుకే మగవాళ్లు చదవాలన్నాను.

ముత్తులక్ష్మి రెడ్డిగారు తన చెల్లెల్ని క్యాన్సర్‌కు పోగొట్టుకున్నారు. 1954లో అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది ఆవిడ పట్టుదల వల్లే. శాంత డాక్టరమ్మ 2021లో పోయేదాకా అక్కడే సేవ చేశారు. ముందే కనిపెడితే నయం చేయొచ్చని ఇన్నేళ్లుగా చెప్తున్న ఊళ్లో ఉండి మనం ఇంకా గుసగుసలాడుకుంటున్నాం. చెన్నైలో ఆడవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సరే ముందుంది.

కాబట్టి బయాప్సీ రిపోర్టు పారేయకండి. డాక్టరుని మూడు అడగండి: ఇది ఏ రకం? ఎటిపియా ఉందా? మళ్లీ ఎప్పుడు రావాలి? మీ ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే అది మీరే చెప్పండి. కొత్త గడ్డ తగిలితే పాత రిపోర్టు చూసుకుని ఊరుకోకండి, మళ్లీ చూపించండి.

నేను డాక్టర్ని కాను. కానీ ఒంటరిగా వెళ్లడానికి జంకే ఆడవాళ్లు ఎవరైనా ఉంటే, కాగితాలన్నీ తేదీల వారీగా సర్ది, పక్కన కూర్చుని ఈ మూడు ప్రశ్నలు అడగడానికి వస్తాను. రిటైరయ్యాను, తీరిక ఉంది.