మా యింటి పాచి

అతిథులు పలు తెఱంగులవారు. కొందరు మూటలతో వత్తురు. కొందరు ముచ్చటలతో వత్తురు. మఱికొందరు రెంటితోను వచ్చి, మరలిపోవు దినమును మాత్రము మఱచి వత్తురు. గడచిన వేసవిలో వేంపల్లెలోని మా యింటికి వచ్చిన అతిథి పదునాలుగు గాజుసీసాలతో వచ్చినది. ఆమె మా మేనకోడలు. కడపయందు 2006వ సంవత్సరమున స్థాపింపబడిన యోగి వేమన విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్రములో ఎం.ఎస్సీ. కడపటి తరగతి చదువుచుండెను. సీసాలను జూచి మా యింటివారు ఆవకాయ యనుకొని సంతోషించిరి. మూత తీసి చూచిన పిమ్మట ఆ సంతోషము నిలువలేదు. లోపల నున్నది పచ్చని పాచి.

జీవశాస్త్రములో పెద్ద చదువు చదువువారనగా తెల్లని అంగీ తొడిగికొని, గంభీరముగా గాజునాళములను పరికించువారని మేమును అనుకొనియుంటిమి. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ఆ శాస్త్రమును బోధించు పద్ధతులను గూర్చి పుటలకొలది వ్రాసితిమి గాని, దానిని నిజముగా చేయువారు ప్రొద్దున లేచి యేమి చేయుదురో యెన్నడును చూచినవారము కాము. ఈ యేడు చూచితిమి. చూచినదానిని, మా వలన జరిగిన యొక తప్పిదముతో గూడ, మన పాఠశాల సంచికకు వ్రాయుచున్నాము.

తెల్లవారుజామున అయిదు గంటలకే ఆమె లేచి, ఒక చెంచాను, ఒక పాత పండ్లబ్రష్షును, కొన్ని కాగితపు పొట్లములను సంచిలో వేసికొని పాపఘ్ని యొడ్డునకు బోవును. నంది కొండలలో బుట్టి, గండివద్ద కొండలను చీల్చుకొని, మన యూరిని దాటి, కమలాపురము దాపున పెన్నలో గలియు నీ నది వేసవిలో నీటికంటె నిసుకకే ప్రసిద్ధము. ఆ యిసుకలోని చెలమల యంచులను, ఎండిన మళ్లమీది నల్లని పొరలను ఆమె చెంచాతో గీకి పొట్లము గట్టును. మన ప్రక్కనే తుమ్మలపల్లెలో యురేనియపు గని యుండుటచేత, నేల గీకువారిని జూచిన రైతులకు అనుమానము కలుగుట సహజమే.

“ఏం గీకుతాండావు పాపా? యురేనియమా?” అని యొక పెద్దమనిషి యడిగెనట.

“కాదు పెద్దనాయనా, పాచి.”

“పాచి గీకేదానికి కడపదాకా పోయి చదవాల్నా?” అని ఆయన జాలితో తల యూపి పోయెనట. ఆ మాట ఇంటికి వచ్చి మాతో చెప్పి ఆమెయే అందరికంటె నెక్కువగా నవ్వెను.

ఎనిమిది గంటలకు ఆమె రెండవ కొలువు ప్రారంభమగును. సీసాలన్నియు మా కిటికీయరుగుమీద ట్యూబులైటు క్రింద వరుసగా నుండును. దినమునకు రెండుసార్లు ఒక్కొక్కదానిని చేతబట్టి మెల్లగా నూపవలెను. ప్రతి సీసాకును ఒక సంఖ్య, ఒక తేది, నోటుపుస్తకములో ఒక పుట. అగరు అను సముద్రపు నాచుపదార్థమును లవణములతో గలిపి మా ప్రెషరు కుక్కరులో నుడికించి శుద్ధి చేయుచుండెను. కుక్కరు కూత వేసినప్పుడెల్ల పిల్లలు పప్పు ఉడికినదని పరుగెత్తివచ్చి నిరాశతో మరలుదురు. మూడవనాడు మా యింటివారు ఆ కుక్కరును విజ్ఞానశాస్త్రమునకే దానము చేసి, రాగిసంగటికిని పప్పునకును పాత కుండలను దింపిరి. పొరుగింటి అవ్వ వచ్చి సీసాలను తేఱిపాఱ జూచి, “మా పశువుల తొట్లో బోలెడుండాది కదే, ఊరికే ఎత్తుకపో!” అని యుదారముగా బలికెను. ఆమె మఱునాడు నిజముగానే వెళ్లి గ్లాసెడు తెచ్చుకొనెను. అది పదునైదవ సీసా యయ్యెను.

మధ్యాహ్నము సూక్ష్మదర్శిని మా వీథి పిల్లలది. ఆమె చుక్కెడు పాచిని గాజుపలకమీద పెట్టి ఒక్కొక్కరిచేత చూపించును. మేమును వంతు నిలిచి చూచితిమి. ముత్యాల సరమువలె గుండ్రని కణములు వరుసగా గూర్చబడియుండును; నడుమ నడుమ కొంచెము పెద్దదియు, వన్నె తక్కువదియు నగు పూస యొకటి. దాని పేరు నాస్టాక్ అనియు, ఆ పెద్ద పూసయే గాలిలోని నత్రజనిని బట్టి పైరునకు బనికివచ్చు రూపమునకు మార్చుననియు ఆమె చెప్పెను. వరిమళ్లలో నత్రజని చేరుటకు ఇట్టి నీలిహరిత శైవలములు తోడ్పడునని పి. కె. డే అను శాస్త్రజ్ఞుడు 1939లోనే ప్రయోగములతో జూపెను. మన కరవునేలలో, ఎండకు తాళి యీ పని చేయగల జాతి యున్నదా యని వెదకుటయే మా మేనకోడలి పరిశోధన. అందులో తొమ్మిదవ సీసా ఆమెకు ప్రాణము. నాలుగు నెలలుగా ఒక్క నాస్టాకునే యితర జీవుల నుండి వేఱుచేయుచు, పలకనుండి పలకకు మార్చుచు శుద్ధి చేయుచుండెను.

ఒక సాయంకాలము మమ్మును పిల్లలను కొండప్రక్కకు దీసికొనిపోయి ఒక రాతిని జూపెను. కోసిన ఉల్లిగడ్డలో వలె గుండ్రని పొరలు దానిమీద తేటగా గానవచ్చెను. విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు 1872లో కడప కర్నూలు శిలలను గూర్చి ప్రకటించిన గ్రంథమున ఒక శిలాశ్రేణికి మన యూరి పేరే పెట్టెను. ఆ శ్రేణిలోని డోలమైటు రాళ్లలో నుండునవే యీ పొరలు. ఇట్టివానికి 1908లో కల్కోవ్‌స్కీ అను జర్మను పండితుడు పెట్టిన పేరునుండియే స్ట్రోమటోలైటు లను మాట వచ్చినది. పూర్వము ఇక్కడ లోతులేని సముద్రముండెను. దాని యడుగున పాచి చాపవలె పఱచుకొని, బురదరేణువులను బట్టి, పొర గట్టి, వెలుతురుకొఱకు మరల పైకి బ్రాకి ఇంకొక పొర గట్టెను. పై పొరలలోనికి చొచ్చిన అగ్నిశిల వయస్సే 188 కోట్ల సంవత్సరములు గనుక, క్రిందనున్న యీ పొరలు అంతకంటెను ప్రాతవి. పశ్చిమ ఆస్ట్రేలియాలోని షార్క్ బే యను చోట ఇట్టివి నేటికిని సజీవముగా నున్నవి. ఏటికి అర మిల్లీమీటరైనను పెరుగవట. మనము పీల్చు ప్రాణవాయువు భూమిమీద మొదట నిండుట కిట్టి పాచియే కారణమని విని, ఇంటనున్న సీసాలను గూర్చి మాకు కొంత గౌరవము కలిగెను. మా పాండిత్యమును జూపదలచి, “మా యింటి నాపరాళ్లును ఇవియేనా?” యని యడిగితిమి. “అవి వేరు మామా. వీటిముందు అవి పసిబిడ్డలు,” అని ఆమె నవ్వెను.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థన యయిన పిమ్మట మా చిన్నవాడు, “అన్ని కోట్ల యేండ్లు దేవుడు పాచితోనే ఉన్నాడా నాయనా?” అని యడిగెను. మేము తడుముకొనుచుండగా మా యింటివారు, “ఆయనకు మనవలె తొందర లేదు నాయనా,” అనిరి. అంతకంటె మంచి జవాబు మాకు నేటికిని తోచలేదు.

తొందర గలవారము మేమే యని ఆ వారములోనే తేలినది. మా మేనకోడలు తన ఆచార్యులను జూచుటకై శనివారము కడపకు బోయెను. ఆదివారము సాయంకాలము మా యింట ప్రార్థనకూటము జరుగవలసియుండెను. నిలువనీరు దోమలకు పుట్టినిల్లని యిరువదియేండ్లుగా తరగతిలో బోధించుచున్న మాకు, ఆ కిటికీలోని నాలుగు సీసాల వాసన సహింపరానిదిగా దోచెను. ఎవరితోను జెప్పక ఆ నాలుగింటిని మునగచెట్టు మొదట పాఱబోసి, బూడిదతో దోమి, అద్దమువలె మెఱయునట్లు కడిగి బోర్లించితిమి. పుణ్యకార్యము చేసినట్లే యుంటిమి.

సాయంకాలమున ఆమె వచ్చి కిటికీవంక జూచెను.

“తొమ్మిదో నంబరేది మామా?”

మేము గర్వముగా మెఱయుచున్న సీసాను జూపితిమి. ఆమె యేమియు ననలేదు. చీటి అంటించియుండిన చోటును వ్రేలితో ఒకసారి తడవి, లోపలికి బోయెను. ఆ రాత్రి అన్నము తినలేదు. విద్యార్థులచేత క్షమార్పణలు చెప్పించుటలో మాకు మంచి యనుభవము గలదు, చెప్పుటలో లేదు. అయినను తలుపువద్ద నిలిచి చెప్పితిమి. “నీవు తెలియక చేశావు మామా,” అని మాత్రము అనెను. ప్రయోగశాలలో దాచిన రెండవ నమూనాకు బూజు పట్టినదని అంతకుముందే ఆమె చెప్పియుండుట జ్ఞప్తికి వచ్చి, మాకును నిద్ర పట్టలేదు.

తెల్లవాఱినంతనే చూతుము గదా, ఆమె మునగచెట్టు క్రింద మోకాళ్లమీద గూర్చుండి, ఎండి అట్టగట్టిన మట్టిపెచ్చులను చెంచాతో నెత్తుచుండెను. “ఎండినంతమాత్రాన నాస్టాక్ చావదు మామా,” అనెను. అది తన చుట్టు జిగురువంటి కవచమును గట్టుకొని, నీరు లేనప్పుడు నల్లని కాగితమువలె ముడుచుకొని నిద్రించునట. ఎండబెట్టి దాచిన నమూనాలు పదులకొలది సంవత్సరముల తరువాత తడుపగా మరల జీవించినవట. ఆ పెచ్చులను పండ్రెండు పళ్లెములలో బెట్టి, నత్రజని లేని లవణజలము పోసి, దీపము క్రింద నుంచెను.

ఆ తరువాతి దినములు మా యింట నొక విధమైన పరీక్షాకాలము. మూడవనాడు ఏమియు లేదు. ఏడవనాడును లేదు. అవ్వ నిత్యము వచ్చి “లేచిందా?” యని, రోగి నడిగినట్లు అడిగిపోవును. పదునొకండవ దినమున అయిదవ పళ్లెములో ఆవగింజంత పచ్చని చుక్క కనబడెను. ఇల్లంతయు కేకలు వేసితిమి. సూక్ష్మదర్శినిలో చూడగా అదే ముత్యాల సరము. కాని దానితో మా పెరటి జీవులనేకములు గూడ నుండెను.

“ఇక భయమేమి? తొమ్మిదవది బ్రదికినదని వ్రాసికొనుము,” అంటిమి.

“అదో కాదో తెలియదు మామా. మీ పెరట్లోనే ఇంకొక నాస్టాక్ ముందునుండి ఉండవచ్చు. మళ్లీ వేరుచేసి పరీక్షిస్తేగాని చెప్పలేను. దానికి నెలలు కావాలి. నివేదిక మూడు వారాలలో ఇవ్వాలి.”

మా తప్పును ఎట్లయిన మాపుకొనవలెనను ఆతురతలో మేము, “అంత సూక్ష్మము ఎవరికి తెలియునమ్మా?” అంటిమి.

“నాకు తెలుసు కదా మామా,” అని ఆమె మెల్లగా ననెను.

ప్రతి ఆదివారము బల్లయెదుట నిలిచి పిల్లలకు సత్యమును గూర్చి చెప్పు మేము ఆ మాటకు తల వంచుకొంటిమి. ఆమె నోటుపుస్తకమును తరువాత చూచితిమి. ఆనాటి పుటలో ఇట్లున్నది: “9వ సీసా పాఱబోయబడినది. పాఱబోసినవారు: మామ. కారణము: శుభ్రత.” నివేదికలోను, నాలుగు నెలల పని నష్టమైనదనియు, తరువాత దొరికినది అదే జాతి యని చెప్పుటకు ఆధారము చాలదనియు ఉన్నదున్నట్లు వ్రాసి యిచ్చెను. ఆమె యాశించిన మార్కులు రాలేదు. ఉత్తీర్ణతకు లోటును రాలేదు. ఆ అయిదవ పళ్లెమునే మొదటి పుటగా బెట్టుకొని మరల పని యారంభించినది.

ప్రియ విద్యార్థులారా! రికార్డు పుస్తకములలో మీరు ప్రక్కవాని ఫలితమును చూచి వ్రాయుట మాకు తెలియును. అంకెలు కుదిరియుండుటచే మేమును పలుమార్లు చూచి చూడనట్లు సంతకము చేసితిమి. ఈ సంవత్సరమునుండి అట్లు చేయదలచుకొనలేదు. ప్రయోగము చెడినచో చెడినదనియే వ్రాయుడు; ఎందుచే చెడినదో వ్రాయుడు; మేము సంతకము చేయుదుము.

పోవునప్పుడు మా మేనకోడలు ఒక సీసాను మాకు విడిచిపోయెను. దినమునకు రెండుసార్లు మేమే దాని నూపుచున్నాము. దానిపై ఆమె వ్రాతలో నొక చీటి గలదు: “మామ కడుగరాదు.”